గేమింగ్ గ్రూపుకి ఏ వాయిస్ చాట్ మేలు? గోదావరి డెల్టా ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఏం చూసి ఎంచుకోవాలి?

మీ గ్రూపులో అందరికంటే పాత ఫోను ఎవరిది, అందరికంటే నాసి నెట్ ఎవరిది? ముందు అది చూడండి. ఆ మనిషికి నడిచేదే మీ గ్రూపుకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. భీమవరంలో ఫైబర్ నెట్, మంచి పీసీ ఉన్నవాడికి ఏది పెట్టినా ఇబ్బంది లేదు. పి.గన్నవరం దగ్గర లంకలో ఉండి, గదిలో ఒక గీత, అరుగు మీదకొస్తే రెండు గీతల సిగ్నల్‌తో ఆడేవాడికే తిప్పలన్నీ. మన గ్రూపుల్లో తరచూ జరిగేది మాత్రం ఇందుకు తలకిందులు. యాప్ ఎంపిక చేసేది పీసీ ఉన్నవాడు, అవస్థ పడేది ఫోన్ ఉన్నవాడు. నలుగురి స్క్వాడ్‌లో ఒకడి మాట వినపడకపోతే మీరు ఆడుతున్నది ముగ్గురితోనే.

ఆ తర్వాత ఇంకో రెండు సంగతులు తేల్చుకోండి. అందరూ ఒకే ఆట ఆడతారా, రోజుకో ఆటా? ఆడేటప్పుడు మాత్రమే మాట్లాడుకుంటారా, ఆట లేని రోజున కూడా చేరి కబుర్లు చెప్పుకుంటారా? వీటికి జవాబు దొరికితే కింది ప్రశ్నల్లో సగం మీకు అక్కర్లేదు.

ఆటలోనే మైక్ ఉందిగా, ఇంకో యాప్ ఎందుకు?

చాలా గ్రూపులకి నిజంగానే అక్కర్లేదు. నలుగురూ ఫోన్‌లో బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు రూపం) ఒక్కటే ఆడి, ఆట అయ్యాక ఎవరి పని వాళ్లు చూసుకునే రకమైతే ఆటలోని మైకే మేలు. ఇంకో యాప్ ర్యామ్ తినదు, బ్యాటరీ మిగులుతుంది, సెట్టింగులతో పేచీ ఉండదు. మైక్‌ని ‘టీమ్’కి మాత్రం పెట్టుకోవడం మర్చిపోకండి. పీసీలో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకీ ఆటలోనే మంచి వాయిస్ ఉంది. స్టీమ్‌లో ఆడేవాళ్లకి స్టీమ్ ఫ్రెండ్స్ చాట్‌లో 2018 నుంచి గ్రూప్ వాయిస్ కూడా ఉంది, కానీ ఎందుకో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పదిమంది గ్రూపైతే లెక్క మారుతుంది. నలుగురు ఒక స్క్వాడ్, ఇంకో నలుగురు మరో స్క్వాడ్, ఇద్దరు వరసకోసం చూస్తూ ఉంటారు. ఆ ఇద్దరికీ ఆటలోని మైక్‌లో చోటు లేదు. ఆట మారిన ప్రతిసారీ మాటలు తెగిపోతాయి. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని, అదే ఏడాది జులైలో బీజీఎంఐని మన దేశంలో ఆపేశారు. బీజీఎంఐ 2023 మేలో గానీ తిరిగి రాలేదు. గ్రూపంతా ఆట లోపలే ఉంటే, ఆట ఆగిన రోజున ఒకరినొకరు పట్టుకోవడానికి కూడా దారి ఉండదు.

వాట్సాప్ గ్రూప్ కాల్ చాలదా?

లూడో, క్యారమ్స్, చెస్ లాంటి వాటికి బ్రహ్మాండంగా చాలు. 32 మంది దాకా కలవొచ్చు, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. షూటింగ్ ఆటలకి మాత్రం వద్దు. వాట్సాప్ కాల్ మొదలవగానే ఫోను మామూలు ఫోన్‌కాల్ పద్ధతిలోకి వెళ్తుంది, చాలా మోడళ్లలో ఆట శబ్దం నీరసపడిపోతుంది. వెనకనుంచి వచ్చేవాడి అడుగుల చప్పుడే వినపడనప్పుడు కాల్ ఎంత స్పష్టంగా ఉండి ఏం లాభం? పైగా గ్రూప్ కాల్ అంటే అందరి ఫోన్లూ మోగుతాయి. రాత్రి పదకొండింటికి ఆట మొదలుపెట్టే బ్యాచ్ అయితే ఇంట్లో పెద్దవాళ్ల చేత చీవాట్లు ఖాయం.

టెలిగ్రామ్ గ్రూపుల్లో 2020 డిసెంబర్ నుంచి వాయిస్ చాట్ ఉంది. అది మోగదు, వచ్చేవాడు వస్తాడు, పోయేవాడు పోతాడు. టోర్నమెంట్ పెట్టి నియమాలు చెప్పడానికి, డ్రా తియ్యడానికి బాగుంటుంది.

అందరూ డిస్కార్డ్ అంటారు. అదే పెట్టేసుకోమంటారా?

గ్రూపులో సగం మందికైనా పీసీ ఉంటే, లేదా 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లు అందరి దగ్గరా ఉంటే, పెట్టేసుకోండి. 2015లో వచ్చింది, మొదటి నుంచీ ఆటగాళ్ల కోసమే కట్టినది. సర్వర్, అంటే డిస్కార్డ్‌లో మీ గ్రూపు చేరే చోటు, పెట్టడానికి డబ్బు కట్టక్కర్లేదు. స్క్వాడ్‌కొక వాయిస్ ఛానెల్, కబుర్లకొకటి, స్క్రీన్‌షాట్లకొక టెక్స్ట్ ఛానెల్ పెట్టుకోవచ్చు. గొంతు పెద్దగా ఉన్నవాడి పేరు మీద నొక్కి వాడి వాల్యూమ్ మీ వరకు తగ్గించుకోవచ్చు, నంగి నంగిగా మాట్లాడేవాడిది రెట్టింపు చేసుకోవచ్చు. నాకు తెలిసి గ్రూపుల్లో గొడవలు ఆపిన ఫీచర్ ఇదొక్కటే.

నైట్రో (డిస్కార్డ్ చందా) కొనాలా, సర్వర్‌కి బూస్ట్ చెయ్యాలా (డబ్బు కట్టి సౌకర్యాలు పెంచుకోవాలా) అని అడుగుతారు. మాటల కోసమైతే అక్కర్లేదు. ఛానెల్ బిట్‌రేట్, అంటే సెకనుకి పంపే మాట సమాచారం, మామూలుగా 64 కిలోబిట్లు ఉంటుంది, బూస్ట్ లేకుండానే 96 దాకా పెంచుకోవచ్చు. లోపల మాటని కుదించి పంపేది ఓపస్ అనే కోడెక్. 2012లో ప్రమాణంగా వచ్చింది, 6 కిలోబిట్ల నుంచి 510 దాకా ఎక్కడైనా నడుస్తుంది. మనిషి గొంతుకి 32 చాలు. 384 కిలోబిట్లకి డబ్బు కట్టి అందులో ‘రివైవ్ చెయ్యరా బాబూ’ అని అరవడం దండగ.

దీని లోపం ఫోన్‌లో కనిపిస్తుంది, దాని సంగతి కింద చెప్పాను.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య చేరిన రోజే మాటలు ఆలస్యంగా వస్తున్నాయి. ఎందుకు?

మంచి ప్రశ్న, ఎందుకంటే చాలామంది దీన్ని నెట్ మీదకి తోసేస్తారు. డిస్కార్డ్ వాయిస్ ఛానెల్‌కి రీజియన్ అని ఒకటుంటుంది. దాన్ని ఆటోమేటిక్‌గా వదిలేస్తే, ఛానెల్లోకి ముందుగా ఎవరు వస్తే వాళ్లకి దగ్గరలో ఉన్న సర్వర్‌ని (ఇక్కడ మాటలని మోసే డిస్కార్డ్ కంప్యూటర్) పట్టుకుంటుంది. మీ అన్నయ్యకి అక్కడ పొద్దున, తీరిగ్గా కాఫీ పట్టుకుని ముందే వచ్చి కూర్చుంటాడు. ఛానెల్ అమెరికాలో తెరుచుకుంటుంది. ఇక పాలకొల్లులో ఉన్నవాడు నరసాపురంలో ఉన్నవాడితో అనే ప్రతి మాటా అమెరికా వెళ్లి తిరిగి రావాలి. ఆ ప్రయాణానికి దాదాపు పావు సెకను పడుతుంది. టెలిఫోన్ ప్రమాణాలు చూసే ఐటీయూ సంస్థ ఒక నోటి నుంచి ఇంకో చెవికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదంటుంది. అది దాటాక ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

ఛానెల్ సెట్టింగుల్లోకి వెళ్లి రీజియన్ ఓవర్‌రైడ్ దగ్గర ఇండియా పెట్టండి. అన్నయ్యకి కొంచెం ఆలస్యం అవుతుంది, మిగతా అందరికీ హాయి. మెజారిటీ ఎక్కడుంటే సర్వర్ అక్కడ.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి పనిచేస్తుందా?

కోనసీమ గ్రూపుల్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు, ఇంటికొకరు అటు వెళ్లినవాళ్లే కదా. దేశాన్ని బట్టి ఉంటుంది. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి, అక్కడ వాట్సాప్ కాలే మామూలుగా కలవదు. ఒక యాప్ ఖాయం చేసి గ్రూపంతా మారాక ‘నాకు రావట్లేదు’ అని అతను చెప్పేకంటే, ముందు అతన్నే పెట్టి చూడమనండి. వీపీఎన్ వేసుకోమని సలహా ఇవ్వకండి. అక్కడి చట్టాలు వేరు, ఉద్యోగం అతనిది. ఏదీ కుదరకపోతే ఆటలోని మైక్‌ని కూడా ఒకసారి ప్రయత్నించమనండి.

గంట మాట్లాడితే ఎంత డేటా అవుతుంది?

భయపడేంత కాదు. 64 కిలోబిట్ల చొప్పున ఆపకుండా గంట మాట్లాడితే మాట ఒక్కటే 29 ఎంబీ, ప్యాకెట్ల (మాటని మోసే చిన్న ముక్కల) పైఖర్చు కలుపుకుని 40 ఎంబీ దాకా. నలుగురు ఉంటే మీరు పంపేది ఒక వాటా, వచ్చేవి మూడు. నలుగురూ గంటసేపు ఊపిరి తీసుకోకుండా అరిచినా 160 ఎంబీ. నోరు మూసుకున్నప్పుడు మాట వెళ్లదు కాబట్టి నిజంగా అయ్యేది అందులో చిన్న వంతు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో ఇదొక లెక్క కాదు.

డేటా మింగేది స్క్రీన్ షేర్. 2 మెగాబిట్ల వీడియో చూస్తే గంటకి 900 ఎంబీ. ‘రేయ్, నీ స్క్రీన్ చూపించరా’ అని పీసీ వాడిని అడిగి, మొబైల్ డేటాలో కూర్చుని చూసేవాళ్లకి సాయంత్రానికే నెట్ అయిపోతుంది. సిగ్నల్ సరిగా లేనివాళ్లు గ్రూపులో ఉంటే ఛానెల్ బిట్‌రేట్ 32కి దించండి. తేడా ఎవరూ కనిపెట్టరు.

ఫోన్‌లో ఆట తెరవగానే డిస్కార్డ్‌లో నా మాట ఆగిపోతోంది.

రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి మైక్ గురించి కొట్లాట. ఆండ్రాయిడ్‌లో రెండు యాప్‌లు ఒకేసారి మైక్ అడిగితే సాధారణంగా ఒకదానికే మాట అందుతుంది, రెండోదానికి నిశ్శబ్దం వెళ్తుంది. యాప్ దృష్టిలో మైక్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఏ హెచ్చరికా రాదు, మీరేమో మాట్లాడుతూనే ఉంటారు. ఆటలో మైక్, స్పీకర్ రెండూ పూర్తిగా ఆపేసి చూడండి. చాలావరకు అక్కడితో సరి.

రెండోది బ్యాటరీ సేవర్. 3, 4 జీబీ ర్యామ్ ఫోన్లలో ఆట పైకి రాగానే ఫోను వెనకున్న యాప్‌ని చంపేస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి, రీసెంట్ యాప్‌ల తెరలో దానికి తాళం వేసే వీలుంటే వెయ్యండి. ఇంత చేశాక కూడా చస్తుంటే ఆ ఫోన్‌కి అది మోయలేని బరువు. ఆ స్క్వాడ్ వరకు ఆటలోని మైక్‌కి వెళ్లిపోండి. ఒకడి కోసం నలుగురు మారడం నామోషీ ఏం కాదు.

ఆట మధ్యలో ఇంటినుంచి ఫోన్ వస్తే మైక్ దానికి వెళ్లిపోతుంది. దానికి మందు లేదు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఆట శబ్దం డొక్కు రేడియోలా మారుతోంది. బడ్స్ పాడయ్యాయా?

బడ్స్ బాగానే ఉన్నాయి. బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక పద్ధతి, ఫోన్ మాట్లాడటానికి ఇంకో పద్ధతి ఉంటాయి. మొదటిదాంట్లో శబ్దం రెండు చెవులకీ విడివిడిగా, నాణ్యంగా వస్తుంది కానీ మైక్ ఉండదు. మైక్ తెరుచుకున్న క్షణాన బడ్స్ రెండో పద్ధతిలోకి మారతాయి. అందులో శబ్దం ఒకటే ముద్దగా, సన్నగా వస్తుంది. కుడివైపు నుంచి వస్తున్న అడుగులు, ఎడమవైపు నుంచి వస్తున్న అడుగులు ఒకేలా వినిపిస్తాయి. దీనికి తోడు బ్లూటూత్ ఆలస్యం ఒకటి. తుపాకి పేలాక చప్పుడు వస్తుంది.

ఫోన్‌లో దీనికి మంచి జవాబు వైరున్న ఇయర్‌ఫోన్సే. 3.5 పిన్ను లేని ఫోనైతే టైప్-సి ఇయర్‌ఫోన్స్ తీసుకోండి, ఖరీదైనవి అక్కర్లేదు. వైరు మీద మైక్ ఉంటుంది చూడండి, అది చొక్కా బొత్తానికి రాసుకుంటూ ఉంటే అవతలివాళ్లకి గరగరమని ఒకటే రొద. వైరుని ఒక క్లిప్పుతో కాలర్‌కి పట్టించండి, సగం ఫిర్యాదులు ఆగిపోతాయి.

పీసీలో అయితే బడ్స్‌ని పారెయ్యక్కర్లేదు. వినడానికి బడ్స్, మాట్లాడటానికి లాప్‌టాప్ మైకో వేరే యూఎస్‌బీ మైకో ఎంచుకోండి. ఔట్‌పుట్ లిస్టులో ఒకే బడ్స్ పేరు రెండుసార్లు కనిపిస్తే ‘హ్యాండ్స్-ఫ్రీ’ అని ఉన్నదాన్ని ముట్టుకోకండి, ‘స్టీరియో’ అని ఉన్నది తీసుకోండి. బడ్స్ మైక్ వాడనంతసేపూ శబ్దం నాణ్యంగానే ఉంటుంది.

మా ఇల్లు చెరువుల మధ్య ఉంటుంది. రాత్రంతా ఏరేటర్ల మోత. మైక్ తెరిస్తే అందరూ తిడుతున్నారు.

రొయ్యల చెరువు గట్టు మీదనుంచి ఆడేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. రాత్రి కాపలా కాస్తూ ఆడేవాళ్లూ ఉన్నారు. మీకు ఊరట కలిగించే మాట ఏంటంటే, ఏరేటర్ మోత, జనరేటర్ మోత, సీలింగ్ ఫ్యాన్ గాలి లాంటి ఒకే తీరు శబ్దాలని తీసెయ్యడం సాఫ్ట్‌వేర్‌కి చాలా తేలిక. డిస్కార్డ్‌లో నాయిస్ సప్రెషన్ దగ్గర క్రిస్ప్ అని ఉంటుంది, అది పెట్టి చూడండి. చక్రం నీళ్లు కొట్టే చప్పుడు దాదాపు మాయమవుతుంది. పాత పీసీలో క్రిస్ప్ ప్రాసెసర్‌ని తింటుంది, ఆట తడబడితే ‘స్టాండర్డ్’కి మారండి. రేకుల మీద వాన మోత కూడా చాలావరకు పోతుంది.

తియ్యలేనిది మనిషి గొంతు. హాల్లో సీరియల్, కార్తీక మాసంలో తెల్లవారుజామున గుడి మైక్, సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర మైక్‌లో అరుపులు, వీటిలో మీ గొంతేదో పక్క గొంతేదో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కోసారి తెలియదు. అక్కడ పనికొచ్చేది పుష్ టు టాక్, అంటే మీట నొక్కితేనే మైక్ తెరుచుకోవడం. పీసీలో మౌస్ పక్క బటన్‌కి పెట్టుకోండి, కీబోర్డ్ మీద వేళ్లు ఎలాగూ నడకలో ఉంటాయి. ఫోన్‌లో రెండు బొటనవేళ్లూ ఆటలోనే ఉంటాయి కాబట్టి పుష్ టు టాక్ కుదరదు. వాయిస్ యాక్టివిటీలో (మాట్లాడగానే మైక్ దానంతటదే తెరుచుకునే పద్ధతి) సెన్సిటివిటీ గీతని చేత్తో జరిపి, మీరు మాట్లాడితేనే పచ్చగా వెలిగే చోట ఆపండి. మైక్‌ని నోటికి బెత్తెడు దూరంలో ఉంచితే ఏ సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ లాభం.

పింగ్ బాగానే ఉంది, కానీ నా గొంతు రోబోలా వినిపిస్తోందట.

పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) కాదు, ప్యాకెట్ లాస్ చూడండి. మీ మాట సెకనుకి దాదాపు 50 చిన్న ముక్కలుగా వెళ్తుంది. దారిలో పోయిన ముక్కని మళ్లీ పంపడం ఉండదు, ఎందుకంటే అది వచ్చేసరికి మాట ముందుకెళ్లిపోతుంది. ఒకటి రెండు పోతే ఓపస్ ఆ ఖాళీని ఊహించి పూడుస్తుంది. వరసగా పోతే ఆ ఊహే రోబో గొంతు. పీసీలో డిస్కార్డ్‌లో ‘వాయిస్ కనెక్టెడ్’ అన్న పచ్చ అక్షరాల మీద నొక్కితే పింగ్, బయటికి వెళ్లే ప్యాకెట్లలో పోతున్న శాతం రెండూ కనిపిస్తాయి. ఆ శాతం రెండంకెలకి చేరితే మీ మాట ఎవరికీ అర్థం కాదు.

చాలా ఇళ్లలో కారణం అప్‌లోడ్. పెళ్లి వీడియోలన్నీ ఎవరో బ్యాకప్ పెట్టి ఉంటారు. కాలువ మీద ఒంటి వంతెన ఎక్కిన గడ్డి ట్రాక్టర్ వెనక మోటార్‌సైకిల్ ఆగిపోయినట్టు, ఆ పెద్ద ఫైల్ వెనక మీ మాట ముక్కలు వరసలో నిలబడిపోతాయి. స్పీడ్ టెస్ట్ ఎంత గొప్పగా చూపించినా దీన్ని పట్టుకోదు. బ్యాకప్ రాత్రి రెండింటికి పెట్టుకోమనండి, లేదా రౌటర్‌లో క్యూఓఎస్ ఉంటే మీ పీసీకి ముందు వరస ఇవ్వండి. పీసీకి లాన్ వైరు లాగడం అన్నిటికంటే చవకైన మందు. వైఫైయే గతైతే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, గోడలు దాటి రాదు గానీ ఉన్న గదిలో గొడవ పెట్టదు.

కాలేజీ హాస్టల్ వైఫైలో డిస్కార్డ్ టెక్స్ట్ వస్తుంది, వాయిస్ మాత్రం కలవదు.

హాస్టల్ ఫైర్‌వాల్ మామూలు వెబ్ రాకపోకలని వదిలి, వాయిస్‌కి కావలసిన యూడీపీ అనే పద్ధతిని ఆపేస్తే సరిగ్గా ఇలాగే అవుతుంది. ‘ఆర్‌టీసీ కనెక్టింగ్’ అని తిరుగుతూ చివరికి ‘నో రూట్’ అంటుంది. యాప్ మారిస్తే పెద్దగా లాభం ఉండదు. టీమ్‌స్పీక్ అనే వాయిస్ యాప్ కూడా యూడీపీ మీదే నడుస్తుంది. మంబుల్ అనే ఇంకో యాప్ యూడీపీ దొరక్కపోతే టీసీపీ అనే వేరే పద్ధతికి మారుతుంది గానీ, దాన్నీ ఫైర్‌వాల్ ఆపేయొచ్చు. మొబైల్ డేటా వాడుకోండి. పై లెక్క ప్రకారం మాటలకయ్యే ఖర్చు తక్కువే.

టీమ్‌స్పీక్, మంబుల్ ఇంకా ఎవరైనా వాడుతున్నారా?

వాడుతున్నారు, వాటికి కారణాలూ ఉన్నాయి. రెండిటిలోనూ సర్వర్ మీదే, నియమాలూ మీవే. టీమ్‌స్పీక్‌ని మీ సర్వర్‌లో 32 మంది దాకా ఉచితంగా నడుపుకోవచ్చు. ఎవరి మాట ఎవరికి వినపడాలో చాలా సూక్ష్మంగా పెట్టుకోవచ్చు, రెండు స్క్వాడ్ల కెప్టెన్లు మాత్రమే గుసగుసగా మాట్లాడుకునే ఏర్పాటు ఉంది. మంబుల్ 2005 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ప్రకటనలు లేవు, బూస్ట్‌లు లేవు, ఆలస్యం బాగా తక్కువ. కొన్ని ఆటల్లో మనిషి ఏ పక్కన ఉంటే గొంతు ఆ పక్కనుంచి వచ్చేలా కూడా చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో మమ్లా అనే యాప్‌తో కలవొచ్చు. పాత పీసీ మీద ఇది నడిచినంత తేలిగ్గా మరేదీ నడవదని నా అభిప్రాయం. చూడటానికి మాత్రం ఇరవై ఏళ్ల కిందటి ముఖమే, దానికి కొత్త పిల్లలు మొహం చిట్లిస్తారు.

లైనక్స్ తెలిసినవాడు గ్రూపులో ఒకడైనా ఉండి, వాడికి ఓపిక కూడా ఉంటే మంబుల్ పెట్టుకోండి. వాడు ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోతే సర్వర్ ఎవరు చూస్తారో కూడా అప్పుడే అనుకోండి.

ఆ సర్వర్‌ని ఇంట్లో పాత పీసీలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు కానీ బయటివాళ్లు లోపలికి రాగలరో లేదో ముందు చూసుకోండి. మంబుల్‌కి 64738 పోర్టు (బయటినుంచి లోపలికి వచ్చే తలుపు నంబరు), టీమ్‌స్పీక్ వాయిస్‌కి 9987 పోర్టు రౌటర్‌లో తెరవాలి. చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని (బయటి నెట్‌కి కనిపించే చిరునామా) ఎంతోమందికి పంచుతారు, అప్పుడు పోర్టు తెరిచినా దారి రాదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే బాపతు. ఆపరేటర్‌ని స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే, మారకుండా ఉండే చిరునామా) అడగాలి, లేదా నెలకి కొన్ని వందలు పెట్టి చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకోవాలి. ముంబైలో గానీ హైదరాబాద్‌లో గానీ తీసుకోండి. అమెజాన్ క్లౌడ్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా కేంద్రం ఉంది. పదిమంది మాటలకి అన్నిటికంటే చిన్న ప్లానే ఎక్కువ.

ఇంట్లో పెడితే ఇంకో ఇబ్బంది. మీ వీధిలో కరెంటు పోతే తణుకులో ఉన్నవాడికీ, కాకినాడలో ఉన్నవాడికీ కూడా మాటలు పోతాయి.

కరెంటు పోయినా మాట ఆగకుండా ఉండాలంటే?

రౌటర్‌కి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి, ఫోన్ పవర్‌బ్యాంక్ అంత ఉంటాయి. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. అయితే రౌటర్ వెలిగినంత మాత్రాన నెట్ ఉంటుందని కాదు, అవతల కేబుల్ ఆపరేటర్ దగ్గరి పరికరానికీ కరెంటు ఉండాలి. అతని దగ్గర బ్యాటరీయో జనరేటరో ఉందా అని అడిగి కొనుక్కోండి. తుఫాను రోజుల్లో స్తంభాలే పడిపోతాయి కాబట్టి ఇవేవీ పనిచెయ్యవు. ఆ రోజు ఫోన్ చార్జింగ్ ఆటకి కాదు, ఇంటివాళ్లకి దాచుకోండి.

మా అబ్బాయి పదో తరగతి అండీ. హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరెవరితోనో మాట్లాడుతున్నాడు. ఏం చూడాలి?

డిస్కార్డ్ కనీస వయసు 13 ఏళ్లు. అందులో ఫ్యామిలీ సెంటర్ అని 2023లో పెట్టారు. బాబు ఖాతాతో మీ ఖాతా కలిపితే వాడు ఎవరిని ఫ్రెండ్‌గా చేర్చుకున్నాడో, ఏ సర్వర్లలో ఉన్నాడో తెలుస్తుంది. ఏం మాట్లాడాడో తెలియదు, అది సబబే. తెలిసిన స్నేహితుల చిన్న సర్వర్ ఒకటి ఉంటే పర్వాలేదు. వేలమంది ఉండే బహిరంగ సర్వర్ల నుంచి అపరిచితులు నేరుగా మెసేజ్ పెట్టకుండా ప్రైవసీ సెట్టింగుల్లో ఆపేయించండి. బీజీఎంఐ ఆడుతుంటే వయసు సరిగ్గా ఇచ్చాడా అడగండి. 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటల హద్దు పెట్టారు, దాన్ని తప్పించుకోవడానికి పిల్లలు నాన్న వయసు వేసేస్తారు.

హెడ్‌సెట్ తీసేసి స్పీకర్‌లో ఆడమనడం మాత్రం మంచి ఉపాయం కాదు. మీ ఇంట్లో మాటలు అవతలి ఇళ్లకి వెళ్తాయి.

‘నేను చేసిన గేమ్ టెస్ట్ చెయ్యవా’ అని ఫ్రెండ్ ఫైల్ పంపాడు. తెరవొచ్చా?

తెరవకండి. ఆ ఫ్రెండ్ ఖాతాని ముందే ఎవరో కొట్టేసి ఉంటారు, ఇప్పుడు మీ వంతు. ఫోన్ చేసి అడగండి. ఉచిత నైట్రో లింకులు, ‘లాగిన్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి’ అనేవి కూడా ఇదే కుటుంబం. టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే తాళం) పెట్టుకోండి. గేమింగ్ సెంటర్‌లో ఆడితే లేచేముందు లాగౌట్ అవ్వండి, బ్రౌజర్ మూస్తే లాగౌట్ అయినట్టు కాదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

పందెం ఆటల లింకులు పెట్టేవాళ్లని అడ్మిన్లు వెంటనే తీసెయ్యండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం వచ్చింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఆ లింకు మీ సర్వర్‌లో ఉంటే తలనొప్పి మీది.

మన మాటలు ఎవరైనా వింటారా, రికార్డ్ చేస్తారా?

డిస్కార్డ్ తన వాయిస్, వీడియోకి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునేవాళ్లకి తప్ప మధ్యలో ఎవరికీ తెలియని గుప్తలిపి) తెస్తున్నట్టు 2024లో ప్రకటించింది. టెక్స్ట్‌కి అది లేదు. మంబుల్‌లో మాట సర్వర్ దాకా గుప్తంగా వెళ్తుంది, సర్వర్ నడిపేవాడిని నమ్మాలి. ఇవన్నీ బయటివాడి గురించి. లోపల ఉన్నవాడు స్క్రీన్ రికార్డర్ నొక్కితే ఏ గుప్తలిపీ ఆపదు. యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాళ్లుంటే వాళ్లకి వేరే ఛానెల్ పెట్టి, పేరులోనే ‘లైవ్’ అని రాయండి.

ఎనిమిది మంది ఒకేసారి అరుస్తుంటే ఏం చెయ్యాలి?

స్క్వాడ్‌కొక ఛానెల్ చొప్పున విడగొట్టండి. డిస్కార్డ్‌లో ప్రయారిటీ స్పీకర్ అనే అనుమతి కెప్టెన్‌కి ఇస్తే, అతను పీసీలో ఆ మీట నొక్కి మాట్లాడినప్పుడు మిగతావాళ్ల గొంతు తగ్గుతుంది. చచ్చిపోయినవాడు మ్యూట్‌లోకి వెళ్లాలని నియమం పెట్టండి, గొడవంతా వాళ్లదే.

ఇంకొకటి ఏ యాప్ వల్లా కాదు. మనవాళ్లు శత్రువు కనపడగానే ‘అదిగో అక్కడ్రా, అక్కడ!’ అంటారు. ఎక్కడ? తెర మీద పైన దిక్సూచి అంకెలు ఉంటాయి, ‘210లో ఇద్దరు, మేడ మీద’ అనడం అలవాటు చెయ్యండి. వారంలో వస్తుంది.

గ్రూపు ఒక యాప్‌లో స్థిరపడింది. ఇప్పుడు మారాలంటే పాత మెసేజ్‌ల సంగతి?

డిస్కార్డ్ సర్వర్‌లో ఉన్నదంతా మూటగట్టి ఇంకో యాప్‌కి తరలించే అధికారిక దారి లేదు. ముఖ్యమైన ఫోటోలు, టోర్నమెంట్ పట్టికలు విడిగా దించుకోండి. పాతదాన్ని మూసెయ్యకుండా టెక్స్ట్ కోసం ఉంచి, మాటలు మాత్రం కొత్తదాంట్లో పెట్టి కొన్నాళ్లు చూడండి. ఆట రోజున కాకుండా ఖాళీ రోజున, లంకలో ఉన్నవాడిని కూడా అరుగు మీద కాకుండా వాడు మామూలుగా ఆడే గదిలోనే కూర్చోబెట్టి పరీక్షించండి.